పచ్చిక మైదానంలో వేట: నేల ఒకరిది, జింక అందరిది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అమెరికాలోని ప్రేరీ మైదానాల్లో పశువుల ర్యాంచ్‌లు నడిపే కుటుంబాలు డబ్బు తీసుకొని అతిథులను జింకల వేటకు తీసుకువెళ్ళే పద్ధతి గురించి పాఠకులు రకరకాలుగా అడిగారు. పశువైద్య వృత్తిలో కొన్నేళ్ళు తూర్పు మోంటానాలో ఆ ర్యాంచ్‌ల మధ్యనే తిరిగినవాణ్ణి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. మోంటానాలో ఒక ర్యాంచ్‌కు అక్టోబరు చివర జింకల వేటకు వెళ్దామని తోటి ఉద్యోగి పిలిచాడట. గైడ్ వెంట ఉంటాడు కాబట్టి భయం లేదంటున్నాడు. వీసా మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకోవచ్చా? అసలు అక్కడ ఏం చేస్తారు? (ఒక తల్లి, నరసరావుపేట)

జవాబు: అమ్మా, ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే మీ అబ్బాయి వీసాకే ముప్పు. తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. అయితే ఏదైనా రాష్ట్రం సక్రమంగా జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి మీ అబ్బాయిని మొదట అడగవలసిన మాట "లైసెన్సు వచ్చిందా?" అన్నదే. మోంటానాలో బయటి రాష్ట్రాలవారికి ఎల్క్ (పెద్ద జాతి జింక), జింకల వేట కలిపి ఇచ్చే లైసెన్సులు ఏడాదికి 17,000 మాత్రమే. ఏప్రిల్ 1 లోపు దరఖాస్తు చేస్తే లాటరీ పద్ధతిలో ఇస్తారు, ధర వెయ్యి డాలర్ల పైమాటే. 1985 జనవరి 1 తరవాత పుట్టినవారైతే వేట భద్రత శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కూడా చూపించాలి. ఇవేవీ లేకుండా "ఊరికే వెంట వెళ్తాను" అనుకుంటే నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. కానీ చేతిలో బైనాక్యులర్స్ తప్ప మరొకటి ఉండకూడదు, స్నేహితుడి తుపాకీని సరదాకైనా తాకకూడదు. లైసెన్సు ఉన్నా సరే, బయలుదేరే ముందు ఒకసారి వలస వ్యవహారాలు చూసే లాయరును అడగమని నా సలహా. ఇంకొక సంగతి కూడా కనుక్కోమనండి: వేటకు తీసుకువెళ్ళినందుకు డబ్బు పుచ్చుకునే వ్యక్తికి రాష్ట్రం ఇచ్చిన అవుట్‌ఫిటర్ లైసెన్సు ఉండాలి, గైడ్ అతని కింద పనిచేసేవాడై ఉండాలి.

గైడ్ ఎందుకో నాకు ఒక నవంబరు ఉదయం బాగా బోధపడింది. ఆ రోజు నేను తుపాకీ లేకుండా ఒక అతిథి వెంట నడిచాను. చీకటితోనే వంటింట్లో కాఫీ తాగి, నారింజరంగు చొక్కాలు తొడుక్కొని బయలుదేరాం; నడుముకు పైన కనీసం 400 చదరపు అంగుళాల మేర ఆ రంగు కనిపించాలని అక్కడ నిబంధన, ఇతర వేటగాళ్ళు మనిషిని జింక అనుకోకుండా ఉండేందుకు. సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చడానికి అనుమతి మొదలవుతుంది. గైడ్ జేబులోంచి చిన్న సీసా తీసి నొక్కగానే మెత్తని పొడి గాలిలోకి లేచి మా ముఖాల మీదికి వచ్చింది. జింకల వైపునుంచి గాలి మా మీదికి వీస్తోందనీ, మా వాసన వాటికి అందదనీ దాని అర్థం. రెండు గంటలు ఎండిన వాగు గట్టు చాటున వంగి నడిచాక, గాడిద చెవులంత చెవులున్న మ్యూల్ డీర్ మగజింక ఒకటి గుట్ట కొన మీద, వెనక ఆకాశం తప్ప మరేమీ లేనిచోట నిలబడి కనిపించింది. అతిథి తుపాకీ ఎత్తాడు. గైడ్ ఒక్క మాటైనా అనకుండా తన అరచేతిని తుపాకీ గొట్టం మీద వేసి మెల్లగా కిందికి దించాడు. గుట్ట అవతల ఏముందో తెలియదు. గురి తప్పిన తూటా ఏ మందలో పడుతుందో, ఏ మనిషికి తగులుతుందో తెలియదు. జింక దిగి వెళ్ళిపోయింది, ఆ రోజుకు మరొకటి దొరకలేదు. గైడ్‌కు ఇచ్చే సొమ్ముకు ఆ ఒక్క చేతి కదలికే సరిపోతుందని నా అభిప్రాయం.

మర్నాడు దొరికింది. దొరికాక మొదలయ్యే పనే అసలు పని: పేగులు తీసి, ఒళ్ళు చల్లారేలా తెరిచి ఉంచి, మాంసం పాడవకుండా బండిదాకా మోసుకురావాలి. నవంబరు చలిలో కూడా ఆ కళేబరం నుంచి ఆవిరి లేస్తుంది, చేతులు మోచేతుల దాకా నెత్తురవుతాయి, కాళ్ళ కింద నలిగిన సేజ్ పొద ఘాటు ఆ వాసనతో కలిసిపోతుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం. పశువైద్యుడిగా ఒక హెచ్చరిక కూడా చేయాలి: జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే రోగాన్ని 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, మోంటానాలోని అడవి జింకల్లో 2017లో బయటపడింది. మనుషులకు అది సోకినట్టు నిర్ధారణ కాలేదు గానీ, గొంతు దగ్గరి గ్రంథుల నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకనే వండుకోమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: తన పొలంలో తిరిగే జింకను ర్యాంచ్ యజమాని డబ్బున్నవాళ్ళకు అమ్ముకోవడమే కదా ఇది? దీన్ని సంప్రదాయమని ఎలా అంటారు? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మోంటానా వంటి రాష్ట్రాల్లో జింక ర్యాంచ్ యజమానిది కాదు. అతని గడ్డి మేసినా, అతని చెరువులో నీళ్ళు తాగినా, అతని గడ్డివామును పాడుచేసినా అది ప్రజల ఆస్తి. ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే. సీజను ఎప్పుడో, ఎన్నింటిని వేటాడవచ్చో, ఎవరికి లైసెన్సు ఇవ్వాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. యజమాని చేతిలో ఉన్నది గేటు. లోపలికి రానివ్వడం, దారి చూపడం, పడక, భోజనం: అతను అమ్మేది ఇంతే. వేటాడిన మాంసాన్ని అమ్ముకునే హక్కు అతనికీ లేదు, అతిథికీ లేదు.

ఆ సొమ్ము అతనికి ఎందుకు అవసరమో తెలియాలంటే ర్యాంచ్ లెక్క చూడాలి. దూడలు మార్చి, ఏప్రిల్ నెలల్లో పుడతాయి, అక్టోబరు, నవంబరులలో అమ్ముడవుతాయి; అంటే ఏడాది పొడవునా చేసిన చాకిరీకి డబ్బు చేతికొచ్చేది ఒక్కసారే. ఆ ఏడు వాన పడకపోతే చలికాలానికి గడ్డి కొనాలి, ధర పడిపోతే అప్పు వచ్చే ఏటికి పాకుతుంది. మన మెట్టరైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అలాంటి ఇంటికి శరదృతువులో అయిదారు వారాలపాటు వచ్చే అతిథుల డబ్బు కొన్నిసార్లు పొలం అమ్ముకోకుండా ఆపుతుంది. అమ్ముకుంటే ఆ నేల నాగలి కిందికి పోవచ్చు, లేదా ఇళ్ళ స్థలాలుగా ముక్కలు కావచ్చు. రెండిట్లో ఏది జరిగినా గడ్డి పోతుంది, గడ్డితో పాటు జింకా పోతుంది. ప్రేరీలో పశువుల మంద, అడవి జింక ఒకే గడ్డి మీద బతుకుతాయన్న ఈ సంగతి దూరం నుంచి చూసేవారికి తొందరగా కనబడదు.

మీ ఉత్తరంలోని కోపంలో న్యాయం లేదనను. ఒకప్పుడు మోంటానాలో అవుట్‌ఫిటర్ల ఖాతాదారులకని కొన్ని లైసెన్సులు విడిగా పెట్టేవారు. 2010లో ప్రజలే ఓటు వేసి ఆ పద్ధతిని రద్దు చేశారు. 1985 నుంచి బ్లాక్ మేనేజ్‌మెంట్ అనే పథకం కింద రాష్ట్రమే ర్యాంచ్ యజమానులకు కొంత సొమ్ము ఇచ్చి, వారి పొలాలను సామాన్య వేటగాళ్ళకు తెరిపిస్తోంది. అలా తెరుచుకున్న నేల సుమారు 70 లక్షల ఎకరాలు. ఇక 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ రాబడిని వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు పంచుతుంది. వేటగాడి జేబులోంచి జింక మేతకు డబ్బు వెళ్ళే ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. నాకు దిగులు కలిగించేది మరొకటి: ఎక్కడో దూరాన ఉండే ధనవంతులు ర్యాంచ్‌లు కొని, గేట్లు మూసి, తమ కోసమే వేటను దాచుకోవడం. అప్పుడు జింక కాగితం మీద అందరిదే అయినా, దాని దగ్గరికి దారి ఒక్కరిదే అవుతుంది.

ప్రశ్న: అడవిదున్నలను తుడిచిపెట్టి, ఆదివాసులను వెళ్ళగొట్టి వేసుకున్న ర్యాంచ్‌లను "వారసత్వం" అని మురిసిపోవడం ఏమి న్యాయం? (ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్)

జవాబు: అయ్యా, మీరు చెప్పింది నిజం, దాన్ని దాటవేసి చెప్పే ర్యాంచ్ చరిత్ర ఏదైనా అసంపూర్ణమే. కోట్ల సంఖ్యలో ఉండిన బైసన్ మందలను, ముఖ్యంగా 1870 నుంచి 1883 వరకు, తోళ్ళ కోసం కాల్చి చంపి కళేబరాలను కుళ్ళనిచ్చారు. 1889లో విలియం హార్నడే అనే జంతుశాస్త్రవేత్త లెక్క తీస్తే ఉత్తర అమెరికా అంతటా మిగిలినవి 1,091. ఆ దున్నల మీదే తిండి, బట్ట, గూడు అన్నీ ఆధారపడిన లకోటా, షయెన్, క్రో, బ్లాక్‌ఫీట్ ప్రజలు ఆకలికి లొంగి రిజర్వేషన్లకు, అంటే ఆదివాసుల కోసం విడిగా కేటాయించిన నేలలకు, పరిమితం కావలసి వచ్చింది. 1883-84 చలికాలంలో బ్లాక్‌ఫీట్ వారిలో వందలమంది ఆకలితో చనిపోయారు. ఖాళీ అయిన ఆ గడ్డి మీదికే టెక్సాస్ నుంచి పశువుల మందలు నడిచివచ్చాయి.

గైడ్‌తో వేట, ర్యాంచ్ బతుకు, వాటి వెంట వచ్చిన పశ్చాత్తాపం: ఈ మూడూ ఒకే మనిషి జీవితంలో కలిసి కనిపిస్తాయి కాబట్టి ఆ కథ కొంచెం వివరంగా చెబుతాను. 1883 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి ఇరవైనాలుగేళ్ళ థియొడోర్ రూజ్‌వెల్ట్ (తరవాత అమెరికా అధ్యక్షుడైనవాడు) దున్నను వేటాడాలని డకోటా ప్రాంతానికి రైల్లో వచ్చాడు. అప్పటికే దున్నలు దొరకడం గగనమైపోయింది. జో ఫెరిస్ అనే స్థానికుణ్ణి గైడ్‌గా పెట్టుకొని, లిటిల్ మిసోరి నది చుట్టుపక్కల వానలో, బురదలో రోజుల తరబడి తిరిగితే చివరికి ఒక మగదున్న దొరికింది. తిరిగి రైలెక్కే లోపే అతను అక్కడి ఇద్దరు పశుపోషకుల చేతికి 14,000 డాలర్ల చెక్కు ఇచ్చి, తన పేర పశువులు కొనమన్నాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 14న భార్యనూ తల్లినీ ఒకే రోజున పోగొట్టుకొని, ఆ దుఃఖంతో మళ్ళీ అక్కడికే వచ్చి ఎల్క్‌హార్న్ ర్యాంచ్ కట్టుకున్నాడు.

తరవాత వచ్చింది 1886-87 చలికాలం. ఆ వేసవిలో వానలు లేవు, గడ్డి పలచబడింది, ఉండవలసినదానికంటే ఎన్నో రెట్లు పశువులు మైదానం మీద ఉన్నాయి. నవంబరు నుంచే మంచుతుఫానులు మొదలయ్యాయి; జనవరిలో కొద్దిగా కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టి గాజుపలకలా మారితే, పశువులు దాన్ని గిట్టలతో పగలగొట్టి మేయలేక నిలబడినచోటే చచ్చిపోయాయి. రూజ్‌వెల్ట్ తన మందలో సగానికి పైగా నష్టపోయాడు. గడ్డి కోసి వాములు వేయడం, కంచె కట్టి మందను అదుపులో ఉంచడం, నేల మోయగలిగినన్ని పశువులనే పెంచడం: ఈరోజు ర్యాంచ్ అంటే మనకు గుర్తొచ్చే పద్ధతులన్నీ ఆ చావు నేర్పిన పాఠాలు. 1887 చివరనే రూజ్‌వెల్ట్ తోటి వేటగాళ్ళను కూడగట్టి బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బును స్థాపించాడు. తప్పించుకునే అవకాశం లేని జంతువును చంపడం వేట కాదన్న నియమాన్ని అమెరికా వేటగాళ్ళలో పాదుకొల్పినది ఆ క్లబ్బే. దున్నల లెక్క తీసిన హార్నడే కూడా 1886లో మ్యూజియం కోసం మోంటానాలో దున్నలను కాల్చినవాడే. 1907లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 15 దున్నలను ఓక్లహోమాలోని విచిటా కొండలకు తిరిగి పంపించినవాడూ అతనే.

ఆదివాసుల వైపు లెక్క మాత్రం ఇంకా తేలలేదు. 1868 ఒప్పందంలో క్రో ప్రజలకు దక్కిన వేట హక్కు వయోమింగ్ రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన రద్దు కాలేదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. 2012లో యెల్లోస్టోన్ దున్నలు కొన్ని మోంటానాలోని ఫోర్ట్ పెక్ రిజర్వేషన్‌కు చేరాయి. వారసత్వం అన్న మాటను వాడుకునే హక్కు ర్యాంచ్ కుటుంబాలకు ఎంత ఉందో, వారికంటే ముందు ఆ గడ్డి మీద వేటాడినవారికి అంతకంటే ఎక్కువే ఉందని నేను నమ్ముతాను. అయినా, నాలుగు తరాలుగా అక్కడే పుట్టి, ఏటా మే, జూన్ నెలల్లో ఇరుగుపొరుగు వారంతా బదులు సాయానికి వచ్చి దూడలకు వాతలు వేసే ఆ ఇళ్ళను చూసినవాడిగా, వారి మమకారం బూటకమని మాత్రం అనలేను. వాత గుర్తు అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో నమోదయ్యే ఆస్తి. తాత గుర్తు మనవడికి సంక్రమిస్తుంది. ఒక వంటింటి గోడకు వేలాడుతున్న ఇనుప ముద్రల్లో అన్నిటికంటే పాతది పిడి దగ్గర అరిగి, వేలిమందం కూడా లేకుండా ఉండటం నేను చూశాను.

ప్రశ్న: మన ఒంగోలు జాతి పశువులు అమెరికా ర్యాంచ్‌లలో ఉన్నాయని విన్నాను. నిజమేనా? (ఒక రైతు, ఒంగోలు దగ్గర)

జవాబు: నిజమే, కానీ మోంటానా చలిలో కాదు; అక్కడ ఆంగస్, హెర్‌ఫర్డ్ జాతులే ఎక్కువ. మీరు విన్నది టెక్సాస్ తీరమైదానం సంగతి. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణాలోయ పశువులతో పాటు మన ఒంగోలు రక్తాన్ని కూడా కలిపి తయారుచేశారు. ఒంగోలు జాతికి నెల్లూరు పేరు మీద విదేశాల్లో "నెలోర్" అన్న పేరు స్థిరపడింది. ఆ ఎండనూ, ఆ పిడుదులనూ యూరప్ జాతులు తట్టుకోలేకపోతే మన మూపురం పశువులే నిలిచాయి. 1853లో మొదలైన కింగ్ ర్యాంచ్, షార్ట్‌హార్న్‌తో బ్రాహ్మన్‌ను కలిపి శాంటా గెర్ట్రూడిస్ అనే కొత్త జాతినే సృష్టించింది. దానికి 1940లో గుర్తింపు వచ్చింది.

మీకు మరింత ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. అదే కింగ్ ర్యాంచ్‌లో గత శతాబ్దం తొలి సగంలో మన మనుబోతులను తెచ్చి వదిలారు. టెక్సాస్‌లోని ఇతర ర్యాంచ్‌లలో మన చుక్కల దుప్పి, కృష్ణజింక కూడా స్థిరపడ్డాయి. అవి అక్కడి స్థానిక జంతువులు కావు కాబట్టి వాటికి వేట సీజను లేదు, సంఖ్యా పరిమితి లేదు. నేల యజమానే వాటికీ యజమాని. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను ఇక్కడ చంపితే జైలు, అక్కడ దానికొక ధర. ఎత్తయిన కంచెలోపల పెంచి, డబ్బిచ్చినవాడి ముందుకు వచ్చేలా చేసే వేటను నేను ఎవరికీ సిఫార్సు చేయను. మోంటానా గుట్ట మీద జింకకు తప్పించుకునే దారి ఉంటుంది, కంచెలోపల అది ఉండదు. మనుబోతులు పశువుల జ్వరాన్ని వ్యాపింపజేసే పిడుదులను మోసుకు తిరుగుతాయి కాబట్టి దక్షిణ టెక్సాస్ పశువైద్యులకు అవి పెద్ద తలనొప్పి కూడా.

ప్రశ్న: మేము శాకాహారులం. వేసవిలో మా అమ్మాయి దగ్గరికి మినియాపొలిస్ వెళ్తున్నాము. వేట జోలికి పోకుండా ఈ ర్యాంచ్ ప్రపంచాన్ని చూడగలమా? (విశ్రాంత దంపతులు, విశాఖపట్నం)

జవాబు: తప్పకుండా చూడగలరు. మినియాపొలిస్ నుంచి పడమరగా ఒక రోజు ప్రయాణంలో ఉత్తర డకోటాలోని మెడోరా వస్తుంది. రూజ్‌వెల్ట్ పేరు పెట్టిన జాతీయ ఉద్యానవనం ఆ ఊరిని ఆనుకొనే ఉంది; దున్నలు, అడవి గుర్రాలు, నేలలో బొరియలు చేసుకునే ప్రేరీ డాగ్‌లు కారులోంచే కనిపిస్తాయి. ఎల్క్‌హార్న్ ర్యాంచ్ ఉన్నచోట ఇప్పుడు పునాది రాళ్ళు తప్ప మరేమీ లేవు, దారి కూడా మట్టిదారి. అయినా వెళ్ళండి, కాటన్‌వుడ్ చెట్ల కింద నది ఒడ్డున కాసేపు కూర్చోవచ్చు. ఆ పరిసరాల్లోనే ఈటన్ సోదరులు 1880లలో డబ్బు చెల్లించే అతిథులను తమ ర్యాంచ్‌లో ఉంచుకోవడం మొదలుపెట్టారు. ఈనాటి అతిథి ర్యాంచ్‌లకు మూలం అదే. అలాంటిచోట బస చేయదలచుకుంటే శాకాహారం సంగతి ముందే రాసి చెప్పండి, లేకపోతే పూటపూటా బంగాళాదుంపలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. పొలాల మధ్య గేటు దాటవలసి వస్తే, మూసి ఉన్నదాన్ని మళ్ళీ మూయండి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదిలేయండి.

ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువును చూడకుండా మాత్రం రాకండి. గంటకు 80 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఈ జంతువు కంచె కనిపిస్తే దూకడానికి ఇష్టపడదు, కింది తీగ కిందుగా దూరిపోతుంది. అందుకని శ్రద్ధగల ర్యాంచ్ యజమానులు కింది తీగను ముళ్ళు లేనిదిగా, నేలకు 16 నుంచి 18 అంగుళాల ఎత్తున కడతారు. పాత కంచెల్లో ఆ తీగ ముళ్ళకు తెల్లటి బిరుసు వెంట్రుకలు చిక్కుకొని, దాని కింద మట్టి కాస్త గుంటపడి ఉంటుంది. అలాంటి చోటు కనిపిస్తే రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు దించి అరగంట ఓపిక పట్టండి. అవి రోజూ దాటే దారి అదే.